పొల్లు పోయిన పాఠం

పోయిన వారం మన గ్రూపులో ఒక ప్రశ్న వచ్చింది. "పాఠాల సైటు చూసుకోవడానికి మనుషులు దొరకడం లేదు కదా, మొత్తం ఆ ఏఐ ఏజెంటుకే అప్పజెప్పేస్తే పోదా?" అని. చాలామంది బొటనవేలు బొమ్మ పెట్టారు. సైటు చూసుకునే మా నలుగురం ఆ రోజు ఏమీ అనలేదు. ఇప్పుడు రాస్తున్నాం. కొంచెం పొడుగే, కాఫీ పెట్టుకుని కూర్చోండి.

మా మాట ముందే చెప్పేస్తాం. అప్పజెప్పవచ్చు. కానీ మనం వాడే పనిముట్లు ఎలా వాడాలో ఆ ఏజెంటు చదివేలా రాసిపెట్టిన తర్వాతే. మరీ ముఖ్యంగా ఫార్మాటర్ అనే పనిముట్టు గురించి. ఇన్నాళ్లూ ఆ సంగతులన్నీ మా నోళ్లలోనే ఉన్నాయి, ఏ ఫైల్లోనూ లేవు. అందుకు మొన్న వేసవి సెలవుల్లో గట్టి దెబ్బే తిన్నాం.

కొత్తగా చేరినవారి కోసం రెండు మాటలు. మన హోసూరులో ఇంట్లో తెలుగు, సంతలో తెలుగు, తమిళం, కన్నడం మూడూ. బడికి వచ్చేసరికి కథ వేరు. 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చాక 1 నుంచి 10వ తరగతి దాకా తమిళం దశలవారీగా తప్పనిసరి అయింది. ఆ చట్టం మంచిచెడ్డల గురించి ఇదివరకే చాలా రాసుకున్నాం, మళ్లీ ఎత్తం. దాని వల్ల మన సంఘానికి వచ్చిన పని ఏమిటంటే, తెలుగు మాట్లాడడం వచ్చి చదవడం రాని పిల్లలకు ఆదివారం అక్షరాలు నేర్పడం. ఆ తరగతి కోసమే పాఠాల సైటు. మనవాళ్లలో రోజూ బస్సెక్కి ఎలక్ట్రానిక్ సిటీకి పోయి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాళ్లు బోలెడుమంది. వాళ్లలో నలుగురైదుగురు రాత్రిపూట కూర్చుని కట్టిన సైటు అది.

ఆ సైటులో 7వ పాఠం పొల్లు గురించి. బస్, పార్క్, పెన్ లాంటి మాటలతో మొదలుపెట్టి, బస్‌లో, పార్క్‌లో, పెన్‌తో అని ముందుకు పోతుంది. ఆ పేజీలో ఒక బటన్ ఫోన్లో పనిచేయడం లేదని ఫిర్యాదు వచ్చింది. మాలో ఒక తమ్ముడు ఆ పని ఏజెంటుకు చెప్పాడు. మూడు వరుసలు మార్చితే సరిపోయే పని. పొద్దున లేచి చూస్తే 41 ఫైళ్లు మారి ఉన్నాయి. కింద ఏజెంటు రాసిన సారాంశం: బటన్ సరిచేశాను, ఫైళ్లలో ఫార్మాటింగ్ ఒకే తీరుగా లేదు కాబట్టి అది కూడా సరిచేశాను, అర్థంలో మార్పు లేదు. బటన్ పనిచేస్తోంది. మిగతావన్నీ ఖాళీలూ కామాలే కదా అని తమ్ముడు ఒప్పుకుని కలిపేశాడు. అతన్ని ఏమీ అనొద్దు, ఆ స్థానంలో మేమున్నా అదే చేసేవాళ్లం. 41 ఫైళ్లలో ఖాళీలు లెక్కపెట్టేవాడు ఎవడు?

రెండు ఆదివారాలు గడిచాయి. తరగతి తీసుకునే అక్క ఫోన్ చేసింది. "ఇదేంది సామీ, పొల్లు పాఠంలో పొల్లే లేదు?"

నిజమే. బస్ బాగానే ఉంది. బస్‌లో అన్నది బస్లో అయింది. పార్క్‌లో అన్నది పార్క్లో అయింది. పిల్లలేమో స కింద ల వత్తు పెట్టి రాసుకుంటున్నారు. పలకమంటే ఎలా పలకాలో తెలియక నవ్వుకుంటున్నారు.

జరిగింది ఇదీ. తెలుగులో పొల్లు అక్షరం పక్కన ఇంకో హల్లు వస్తే కంప్యూటరు దాన్ని వత్తుగా మార్చి కింద కూర్చోబెడుతుంది. అలా కాకుండా ఆపాలంటే మధ్యలో కంటికి కనిపించని ఒక అక్షరం పెట్టాలి. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు, యూనికోడ్‌లో దాని నంబరు 200సి. సాఫ్ట్‌వేర్ అని మీరు ఇక్కడ సరిగ్గా చదవగలుగుతున్నారంటే ట్ తర్వాత అది ఉంది. అది తీసేస్తే సాఫ్ట్వేర్ అవుతుంది, ట వత్తు కింద వ వత్తు కూడా పోయి ఇరుక్కుంటుంది. ఏజెంటు ఆ ఫైళ్లను ఏ పనిముట్టుతోనూ సరిచేయలేదు. మొదటి నుంచి చివరిదాకా తానే తిరగరాసింది. చేత్తో ఎత్తిరాసేటప్పుడు చుక్క జారిపోయినట్టు, ఆ కనిపించని అక్షరాలు జారిపోయాయి. పాత ఫైలూ కొత్త ఫైలూ పక్కపక్కన పెట్టి చూపించే తెరమీద కూడా ఆ తేడా తేలిగ్గా కంటపడదు. తమ్ముడు ఒక్కొక్క వరుసా చదివి ఉన్నా దొరికేది కాదేమో.

గిట్ పుణ్యమా అని పాత పాఠాలు పదినిమిషాల్లో వెనక్కి వచ్చాయి. పిల్లల నోటుబుక్కుల్లోవి మాత్రం అక్క ఒక్కొక్కటీ దిద్దింది.

ఇప్పుడు ఫార్మాటర్ అంటే ఏమిటో చెప్పాలి, ఎందుకంటే గ్రూపులో సగం మందికి ఇది కొత్త మాట. నలుగురు కోడ్ రాస్తే నాలుగు రకాలుగా ఉంటుంది. ఒకడు రెండు ఖాళీలు వదులుతాడు, ఒకడు నాలుగు, ఒకడు ట్యాబ్ కొడతాడు. అర్థం ఒకటే, చూపు వేరు. దీనిమీద ఆఫీసుల్లో జరిగే గొడవలు చూస్తే, పెళ్లిళ్లలో పప్పులో ఉప్పు మీద జరిగే గొడవలే నయం. ఈ తగువు తెంచడానికి వచ్చినవే ఫార్మాటర్లు. గో భాష 2009లో బయటికి వచ్చినప్పుడే దానితో పాటు గోఫ్మట్ వచ్చింది. నీకు ఎలా కావాలి అని అది అడగదు, ట్యాబ్ అంటే ట్యాబే. జావాస్క్రిప్టుకు 2017లో ప్రెటియర్ వచ్చింది, పైథాన్‌కు 2018లో బ్లాక్ వచ్చింది. మన సైటుకు ప్రెటియర్ వాడతాం. పాఠాలను అచ్చుకు సిద్ధం చేసే చిన్న పైథాన్ స్క్రిప్టు ఒకటుంది, దానికి బ్లాక్.

వీటిలో మాకు నచ్చే గుణం ఒకటుంది. ఇవి కోడ్‌ని కంటితో చూసి సర్దవు. ముందు దాని నిర్మాణాన్ని విప్పుకుని, ఆ నిర్మాణం నుంచి మళ్లీ మొదటినుంచి అచ్చు వేస్తాయి. కొటేషన్ గుర్తులు ఒంటివి జంటవి అవుతాయేమో గానీ, వాటి మధ్యనున్న మన తెలుగు మాట జోలికి పోవు. బ్లాక్ అయితే అంతటితో ఆగకుండా, పాత కోడూ కొత్త కోడూ ఒకే అర్థం ఇస్తున్నాయా అని తనే సరిచూసుకుంటుంది. అంటే ఆ రోజు ఏజెంటు తన చేత్తో కాకుండా ప్రెటియర్‌ని పిలిచి పని చేయించి ఉంటే, పొల్లు పాఠం పొల్లు పోకుండా ఉండేది.

మరి ఎందుకు పిలవలేదు? మేము చెప్పలేదు కాబట్టి. మా నలుగురికీ తెలుసు, ఐదోవాడు వస్తే నోటిమాటగా చెప్పేవాళ్లం. "ఫైలు సేవ్ చేసేముందు ఆ కమాండ్ కొట్టు, పాఠాల ఫోల్డర్‌ని ముట్టుకోవద్దు" అని. మనిషైతే తెలియనిది అడుగుతాడు, కనీసం జంకుతాడు. ఏజెంటుకు జంకు లేదు. చెప్పని చోట తనకు సబబు అనిపించింది చేసేస్తుంది, చేసి సారాంశం కూడా రాస్తుంది.

ఉగాది హాలు సంగతి గుర్తుందా? జనరేటర్ స్విచ్ ఎక్కడుందో ఒక్క అన్నకే తెలుసు, ఆ అన్నకు పూణె బదిలీ అయింది. ఆ ఏడు పంచాంగ శ్రవణం సగం చీకట్లో జరిగింది. మన సంఘం తీరే అంత. అన్నీ తెలిసినవాళ్లుంటారు, రాసిపెట్టినవాళ్లుండరు. సొంతూరు కాని రాష్ట్రంలో కూడా కాదు, మనం ఇక్కడ తరతరాలుగా ఉన్నాం. అయినా మన దగ్గర రాత తక్కువ, మాట ఎక్కువ. మాట మనుషుల మధ్య నడుస్తుంది.

సరే, రాద్దామని కూర్చున్నాం. ఇలాంటి ఏజెంట్లు పని మొదలుపెట్టేముందు చదువుకునేలా ప్రాజెక్టులో ఒక ఫైలు పెట్టే పద్ధతి ఇప్పుడుంది. 2025లో బాగా వాడుకలోకి వచ్చిన పేరు ఏజెంట్స్ డాట్ ఎండీ. చాలా రకాల ఏజెంట్లు దాన్ని వెతికి చదువుతాయి. మా మొదటి ప్రతి రెండున్నర పేజీలు వచ్చింది. శుభ్రమైన కోడ్ ఎందుకు ముఖ్యం, మన సైటు చరిత్ర, తెలుగు పట్ల గౌరవం ఉండాలి, జాగ్రత్తగా పనిచేయాలి. చదువుతుంటే వార్షికోత్సవ స్వాగతోపన్యాసంలా ఉంది. ఏజెంటుకు ఇచ్చి చూశాం. గౌరవంగా, జాగ్రత్తగా, మళ్లీ చేత్తోనే సర్దింది.

అప్పుడు అర్థమైంది. జాగ్రత్తగా ఉండు అనేది దానికి పనికొచ్చే మాట కాదు. పనికొచ్చేది ఏ ఫోల్డర్‌లో నిలబడి ఏ కమాండ్ కొట్టాలి, అది ఏం చెబితే దాని అర్థమేమిటి, ఎక్కడ ఆగాలి అన్నది. అలాంటివి రాయాలంటే ముందు మాకే తెలిసుండాలి కదా. రాస్తుంటే మాలో మాకే తెలియనివి బయటపడ్డాయి.

ఒకటి చెప్తాం. ప్రెటియర్‌లో చెక్ అనే ఆదేశం ఉంది. అది దేన్నీ మార్చదు, అన్నీ సరిగ్గా ఉన్నాయా అని చూసి ఒక అంకె ఇస్తుంది. 0 అంటే అంతా బాగుంది. 1 అంటే కొన్ని ఫైళ్లు పద్ధతిలో లేవు. 2 అంటే ప్రెటియర్‌కే ఏదో ఇబ్బంది వచ్చింది, ఫైలు అర్థం కాకపోవడం లాంటిది. బ్లాక్‌లో కూడా 0, 1 ఇవే, కానీ దాని ఇబ్బంది అంకె 123. ఇది రాయకపోతే ఏమవుతుంది? ఏజెంటు 1 చూసి, సున్నా కాలేదు కాబట్టి ఏదో విరిగిందనుకుని, కోడ్‌లో తప్పు వెతకడం మొదలుపెడుతుంది. లేని జబ్బుకు మందు వేయడం. మేము పరీక్షించినప్పుడు అచ్చంగా ఇదే చేసింది. ఇప్పుడు ఫైల్లో ఇలా ఉంది, తెలుగులో చెప్తే: 1 వస్తే ఏదీ విరగలేదు, నువ్వు మార్చిన ఫైళ్ల మీద మాత్రమే రైట్ ఆదేశం నడుపు, మళ్లీ చెక్ చెయ్యి. 2 గానీ 123 గానీ వస్తే చేయి తీసెయ్యి, వచ్చిన సందేశం ఉన్నదున్నట్టు మాకు చూపించు.

నువ్వు మార్చిన ఫైళ్లు మాత్రమే అన్న మాట రాయడానికి మాకు మూడు రాత్రులు పట్టింది, వాదనల వల్ల. మొత్తం ప్రాజెక్టు ఒకేసారి సర్దేయమంటే తప్పేమిటి అని ఒకరి వాదన. తప్పు కాదు, కానీ ఆ పని విడిగా, ఒకే ఒక మార్పుగా, మనిషి కళ్లముందు జరగాలి. బటన్ మార్పూ ఫార్మాటింగ్ మార్పూ ఒకే మూటలో కడితే ఏం జరుగుతుందో చూశాం కదా.

రెండోది వెర్షన్. ప్రెటియర్ 3 వచ్చినప్పుడు, 2023లో, జాబితాల చివర కామా పెట్టే అలవాటు మారింది. అంతకుముందు ఫంక్షన్ ఆర్గ్యుమెంట్ల చివర పెట్టేది కాదు, అప్పట్నుంచి అక్కడా పెడుతుంది. మన ప్రాజెక్టులో ఉన్నది పాతది. ఏజెంటు ప్రాజెక్టులోని ప్యాకేజీలు ముందు ఇన్‌స్టాల్ చేయకుండా నేరుగా ఎన్‌పీఎక్స్‌తో పిలిస్తే, కొత్తదాన్ని దించుకుని నడుపుతుంది. అవసరం లేని కామాలు ఊరంతా వస్తాయి. కాబట్టి ఫైల్లో మొదటి వరుసే ప్యాకేజీల గురించి. వెర్షన్ కూడా ఉజ్జాయింపుగా కాకుండా ఖచ్చితమైన అంకెతో కట్టేశాం.

మూడోది పాఠాల ఫోల్డర్. దాన్ని ప్రెటియర్ వదిలేయాల్సిన ఫైళ్ల జాబితాలో పెట్టాం. ఇక్కడ మా అభిప్రాయం గట్టిది. పనిముట్టు సెట్టింగుల్లో పెట్టగలిగినదాన్ని మాటల్లో రాయకూడదు. వరుస 80 అక్షరాలు దాటకూడదు, రెండు ఖాళీలు వదలాలి అని ఏజెంటుకు పాఠం చెప్పడం దండగ. సెట్టింగుల ఫైలుకు అది తెలుసు. చెబితే ఇంకా చెడ్డది, అది తానే లెక్కపెట్టి సర్దబోతుంది. మాటల్లో రాయాల్సింది సెట్టింగులకు చెప్పలేనిది. మా ఫైల్లో అలాంటిది ఒక్క పేరానే ఉంది: ఈ ప్రాజెక్టులో తెలుగు మాటల్లో కనిపించని 200సి అక్షరం ఉంటుంది, అది చెత్త కాదు, అక్షరక్రమంలో భాగం, తెలుగు ఉన్న ఏ ఫైలునూ మొత్తంగా తిరగరాయకు, మార్చాల్సిన వరుసను మాత్రమే మార్చు. దానికింద రెండు ఉదాహరణలు, బస్‌లో ఒప్పు, బస్లో తప్పు.

రాత ఒక్కటే చాలదని కూడా మాకు తెలుసు. రాత తాళం కాదు. కాబట్టి చిన్న స్క్రిప్టు ఒకటి పెట్టాం, మార్పుకు ముందు ఎన్ని 200సిలు ఉన్నాయో, తర్వాత ఎన్ని ఉన్నాయో లెక్కేస్తుంది. తగ్గితే మార్పు లోపలికి పోదు. ఇరవై వరుసలు కూడా లేదు. ముందే ఎందుకు తట్టలేదని అడగకండి.

ఇక భాష గొడవ. ఈ ఫైలు ఇంగ్లీషులో ఉంది. తెలుగు సంఘం అయ్యుండి ఇంగ్లీషులోనా అని ఒక పెద్దాయన నొచ్చుకున్నారు. ఆయన బాధ మాకు అర్థమవుతుంది. కానీ ఆలోచించండి, ఈ ఫైలు ఏజెంటు ఒక్కటే చదివేది కాదు. రేపు చేరే పిల్లాడు కూడా చదవాలి. మా నలుగురిలో ఒకరు తమిళ మీడియం, ఒకరు కన్నడ మీడియం, ఇద్దరు ఇంగ్లీషు. తెలుగు గబగబా చదవగలిగేది ఇద్దరమే. పైగా ఇప్పుడున్న చాలా ఏఐ మోడళ్లు తెలుగు వాక్యాన్ని ఇంగ్లీషు వాక్యం కన్నా ఎక్కువ ముక్కలుగా కోసి చదువుతాయి, అదే సంగతికి ఎక్కువ చోటు పడుతుంది. ఫైలు పెరిగేకొద్దీ అసలు మాట మరుగున పడే ప్రమాదం కూడా ఉంది. అందుకే ఇంగ్లీషు, ఉదాహరణలు మాత్రం తెలుగు. పెద్దాయనా, ఇందులో మీకు కనిపించే వెలితి మాకూ కనిపిస్తోంది. పొల్లు పాఠం నేర్చుకున్న పిల్లలు పెద్దయి ఆ ఫైలును తెలుగులోకి మార్చే రోజు వస్తే మాకంటే సంతోషించేవాళ్లుండరు.

ఇంకొకరి మాట: "మిషన్‌కు ఇంత రాసే బదులు మనమే ఆ పని చేసుకోవచ్చు కదా?" న్యాయమైన ప్రశ్నే. ఆ ఒక్క బటన్ వరకైతే నిజంగానే మనమే చేసుకోవచ్చు. కానీ మాలో ఇద్దరు వచ్చే ఏడు ఇక్కడ ఉండరు. అప్పుడు మిగిలేది ఆ ఫైలే. మొన్న కొత్తగా చేరిన కాలేజీ అమ్మాయికి ఎవరూ ఏమీ చెప్పలేదు, ఏజెంటు కోసం రాసిన ఆ ఒకటిన్నర పేజీ చదివి, మొదటి రోజే సరైన కమాండ్ కొట్టింది. ఇన్నేళ్లలో మనుషుల కోసం అలాంటి పేజీ ఒక్కటీ రాయలేదన్నది మాత్రం మాకు కొంచెం సిగ్గుగానే ఉంది.

కాబట్టి వచ్చే సమావేశంలో మేము అడగబోయేది ఇది. ఏజెంటుకు పాఠాల సైటు ఇవ్వండి, పాఠాల ఫోల్డర్ ఇవ్వకండి. ఆ ఫోల్డర్‌లో ఏది మారినా తరగతి తీసుకునే ఇద్దరిలో ఒకరు చూసి ఒప్పుకోవాలి. ఫైలు బాధ్యత ఒక మనిషి పేరు మీద ఉండాలి, పనిముట్టు వెర్షన్ మారినప్పుడల్లా ఆ మనిషి ఫైలు దిద్దాలి. పాతబడిన సూచన అసలు సూచన లేకపోవడం కన్నా చెడ్డది, ఏజెంటు దాన్ని నమ్మి నడుస్తుంది. ఈ పనికి డబ్బు అక్కర్లేదు, నెలకు ఒక సాయంత్రం చాలు.

ఫైలు గ్రూపులో పెట్టాం. కోడ్ రానివాళ్లు కూడా చివరి పేరా, ఆ రెండు ఉదాహరణలు చూడండి. మీ ఇంట్లో పిల్లలు తప్పుగా చదివే ఇలాంటి మాటలు ఇంకేమైనా ఉంటే శనివారం లోపు పంపండి, కలుపుతాం. అక్క తన నోటుబుక్కులోంచి ఒక జాబితా రాసిస్తానంది. ఆవిడ చేత్తో రాసింది కాబట్టి అందులో పొల్లులన్నీ ఉన్న చోటే ఉంటాయి.